తిరుగు టపా

వెనకటి రోజుల్లో మన ఇళ్ళకు అప్పుడప్పుడు ఒక పోస్టుకార్డు వస్తూండేది. పైన మూడు నామాలు, కింద గోవింద నామం. ఇలాంటివే 11 కార్డులు రాసి పంపితే శుభం కలుగుతుందనీ, అశ్రద్ధ చేస్తే అనర్థం తప్పదనీ దాని సారాంశం. పంపిన మహానుభావుడి పేరు మాత్రం వుండేది కాదు. అయినా ఆయన్ని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. 11 కార్డులూ సొంత డబ్బు పెట్టి కొన్నాడు. వేళ్ళు నొప్పి పుట్టేదాకా రాశాడు. అందుచేతనే పదకొండుతో ఆగాడు.

ఈ-మెయిలుకు ఆ కట్టుబాటు లేదు. 11 మందికి పంపినా 11 లక్షల మందికి పంపినా పంపేవాడి జేబుకు పెద్ద తేడా తెలియదు. శ్రమంతా అందుకునేవాడిదే. ఆ శ్రమ భరించలేకనే లోకం నల్లజాబితాలు కట్టుకుంది. ఆ జాబితాల్లో దొంగలతోపాటు అప్పుడప్పుడు దొరలు గూడా చిక్కుకుంటున్నారు. ఈ వారం చెప్పదలచుకున్నది వారి సంగతే.

మొదట కాస్త చరిత్ర. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసే గ్యారీ థ్యూర్క్ అనే ఆయన తమ కంప్యూటర్ల గురించి సుమారు 400 మందికి ఒక్కసారే ప్రకటన పంపాడు. అప్పటికి ఇంటర్నెట్టు లేదు. దాని పూర్వరూపమైన అర్పానెట్ వుండేది. అందుకున్నవాళ్ళు మండిపడ్డారు. ఇలాంటి అనవసరపు ఉత్తరాలకు తరవాత 'స్పాం' అనే పేరు వచ్చింది. అసలు అది 1937లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన డబ్బా మాంసం పేరు. 1970లో బ్రిటిషు టెలివిజనులో వచ్చిన ఒక హాస్య నాటికలో, హోటలుకు వెళ్ళి ఏ వంటకం అడిగినా అందులో ఆ మాంసమే వుంటుంది. వద్దన్నా వడ్డించే పదార్థం కనక పేరు సరిగ్గా అతికింది.

1997లో కాలిఫోర్నియాలో పాల్ విక్సీ మొదలైనవారు ఇలాంటి ఉత్తరాలు పుట్టే చోట్లకు ఒక జాబితా కట్టారు. మరుసటి ఏడు లండనులో స్టీవ్ లిన్‌ఫర్డ్ 'స్పామ్‌హౌస్' స్థాపించాడు. అది ఈనాటికీ నడుస్తోంది.

ఈ జాబితాల పద్ధతి ఏమిటంటే, ఈ-మెయిళ్ళు పంపే ప్రతి సర్వరుకూ ఒక నెంబరు వుంటుంది. మామూలుగా అది నాలుగు అంకెల వరస. ఒక్కొక్కటి 0 నుంచి 255 లోపు. మీ ఉత్తరం అవతలి గుమ్మం తొక్కగానే అక్కడి సర్వరు జాబితావారిని, "ఈ నెంబరు మీ పుస్తకంలో వుందా?" అని అడుగుతుంది. రెప్పపాటులో జవాబు వస్తుంది. వుందంటే చాలు, లోపల ఏముందో చూడకుండానే గుమ్మంలోంచి తిప్పి పంపేస్తుంది.

ఇందులో రెండు విషయాలు గమనించండి. జాబితావాడు స్వయంగా ఎవరి ఉత్తరాన్నీ ఆపడు. తన అభిప్రాయం చెబుతాడు, అంతే. ఆపేది అందుకునే సర్వరు. రెండోది, ఇంకా ముఖ్యమైనది: జాబితాలో వుండేది చాలావరకు ఇంటి నెంబరే తప్ప మనిషి పేరు కాదు.

మా తోడల్లుడుగారికి విజయవాడలో చిన్న అచ్చాఫీసు వుంది. తెనాలి వైపు ఒక స్కూలుకు ఏటా ప్రోగ్రెసు కార్డులు ఆయనే అచ్చువేస్తారు. అక్కడి హెడ్‌మాస్టరుగారితో 20 ఏళ్ళ స్నేహం. ఆ ఏడు మామూలుగా ధరల పట్టీ ఈ-మెయిల్లో పంపారు. జవాబు లేదు. మళ్ళీ పంపారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "చూశారా అన్నయ్యగారూ, ఎవడో రూపాయి తగ్గించి వుంటాడు. నాతో ఒక్క మాటన్నా అనలేదు," అని నా దగ్గర వాపోయారు. అక్కడ హెడ్‌మాస్టరుగారు, పెద్ద పనులు వచ్చాక ఈయనకు చిన్న స్కూలు ఆనలేదు కాబోలునని చిన్నబుచ్చుకున్నారట. ఒక పెళ్ళిలో ఎదురుపడి గూడా ఇద్దరూ ముఖాలు తిప్పుకున్నారు.

సెలవులకు వచ్చిన వాళ్ళమ్మాయి ఆ పెట్టె తెరిచి చూసేసరికి, 'మెయిలర్ డీమన్' పేరుతో ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరాలు కనిపించాయి. "అది వైరసు, ముట్టుకోకు!" అన్నారు ఈయన. "నాన్నా, డీమన్ అంటే దయ్యం కాదు. తెర వెనక పనిచేసే ప్రోగ్రాము. మీ ఉత్తరం ఎందుకు తిరిగొచ్చిందో చెబుతోంది," అన్నది అమ్మాయి. ఆరా తీస్తే సంగతి బయటపడింది. ఈయనకు సర్వరులో చోటు అద్దెకిచ్చిన కంపెనీ, అదే నెంబరు మీద మరెందరో చిన్న వ్యాపారులను గూడా కాపురం పెట్టింది. వారిలో ఒకరి పాస్‌వర్డు ఎవడో కాజేసి, వేలకొద్దీ లాటరీ ఉత్తరాలు పంపాడు. నెంబరు జాబితాకెక్కింది. ఒక వాటాలో దొంగ దూరితే లోగిలి అందరికీ తాళం పడిందన్నమాట.

ఇది అన్యాయం కాదా అంటే, కొంతవరకు అన్యాయమే. ఈ360 ఇన్‌సైట్ అనే అమెరికా కంపెనీ తనను జాబితాలో పెట్టారని స్పామ్‌హౌస్ మీద దావా వేసింది. ప్రతివాది వాదన మానుకోవడంతో 2006లో ఇల్లినాయి కోర్టు 1 కోటి 17 లక్షల డాలర్లు చెల్లించమంది. అప్పీళ్ళు నడిచి, నష్టం రుజువు కాక, 2011 నాటికి అది 3 డాలర్లకు దిగింది! కనక కోర్టు దారి మనబోటివారికి పనికిరాదు. జాబితాలే వద్దందామా అంటే, స్పాము వరదలో అసలు ఉత్తరం కనపడకుండానే పోతుంది.

మరి చేయవలసిందేమిటి? తిరిగొచ్చిన ఉత్తరాన్ని చింపేయకుండా చదవాలి. అందులో మూడంకెల సంఖ్య ఒకటి వుంటుంది. 4తో మొదలైతే ప్రస్తుతానికి వీలుకాదు, మళ్ళీ ప్రయత్నించమని. 5తో మొదలైతే పుచ్చుకోమని. ఏ జాబితా కారణంగా ఆపారో గూడా తరచు అందులోనే వుంటుంది. ఆ జాబితావారి వెబ్‌సైటులో మన నెంబరు సరిచూసుకోవాలి. వెంటనే తీసెయ్యమని మొరపెట్టుకోకూడదు. ముందు జబ్బు కుదర్చాలి: పాస్‌వర్డు మార్చడం, కంప్యూటరులో చేరిన పురుగును ఏరివేయడం. అలా చెయ్యకుండా పేరు తీయిస్తే వారం తిరక్కుండా మళ్ళీ ఎక్కుతుంది. స్పామ్‌హౌస్‌వారు పేరు తీసినందుకు డబ్బు పుచ్చుకోరు. అద్దె సర్వరయితే ఆ కంపెనీ చేతనే విన్నపం చేయించాలి, లేదా వేరే నెంబరు ఇమ్మనాలి.

సొంత వెబ్‌సైటు పేరుమీద ఉత్తరాలు పంపేవారికి మూడు గుర్తింపు పత్రాలు కావాలి. ఎస్‌పీఎఫ్ అంటే, "నా పేర ఉత్తరాలు మోసే బంట్లు వీరు మాత్రమే" అని వీధి అరుగుమీద అంటించిన పట్టీ. డీకిమ్ అంటే దారిలో ఎవరూ మార్చలేదని చెప్పే లక్కముద్ర. ఈ రెండూ సరిపడకపోతే ఏం చెయ్యాలో అవతలి ద్వారపాలకుడికి చెప్పే ఉత్తర్వు డీమార్క్. జీమెయిలుకు రోజుకు 5,000కు పైగా పంపేవారికి 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ మూడూ తప్పనిసరి చేసింది. 1,000 ఉత్తరాలకు స్పాం అనే ఫిర్యాదులు 3కు చేరకూడదని గూడా షరతు. యాహూ గూడా అదే బాట పట్టింది.

జాబితాలు సంప్రదించేవారికి గూడా బాధ్యత వుంది. ఓఆర్‌డీబీ అనే జాబితా 2006 డిసెంబరులో మూతపడింది. అయినా కొందరు తమ సర్వర్లలో దాని పేరు తీసెయ్యడం మరిచారు. 2008 మార్చిలో అది, ఏ నెంబరు అడిగినా "వుంది" అనడం మొదలుపెట్టింది. మరిచిన వారి గుమ్మాల్లో ఊరందరి ఉత్తరాలూ ఆగిపోయాయి!

ఇక మన ఇళ్ళ సంగతి. కోరి చందాదారులుగా చేరిన గ్రంథాలయం ఉత్తరం విసుగనిపిస్తే, అడుగున చందా రద్దుకు వుండే మీట నొక్కండి. స్పాం అని ఫిర్యాదు చెయ్యకండి. మీ ఒక్క నొక్కు వారి పరువుకు మచ్చ. ఊరూపేరూ తెలియని లాటరీవాడయితే నిరభ్యంతరంగా నొక్కండి. పిల్లలు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టిన రోజుల్లో స్పాం పెట్టెను రోజూ ఒకసారి తిరగెయ్యండి. జీమెయిలు అందులోవాటిని 30 రోజుల తరవాత తుడిచేస్తుంది. ఇంటర్వ్యూ పిలుపు ఆ గుట్టలో పడివుంటే నష్టం పిల్లవాడిది.

తిరుగు టపాకయినా ఒక మేలుంది. ఉత్తరం చేరలేదని అది మనకు తెలియజేస్తుంది. అవతల స్పాం పెట్టెలో పడిన ఉత్తరానికి ఆ కబురు గూడా వుండదు. ఆ మౌనాన్ని మనం మనిషి గర్వానికి అంటగడతాం. వారం రోజులు చూసి, జవాబు రాకపోతే ఫోను చేసి, "నా ఉత్తరం అందిందా అండీ?" అని అడగండి. మా తోడల్లుడుగారు ఆ మాట అడగడానికి నెలన్నర పట్టింది. ఆ ఏటి ప్రోగ్రెసు కార్డులు మరొకరు అచ్చువేశారు.