ఫోను లైనుంది... మోడెమ్‌ ఉంది... నెట్టే రాదు!

'కీ...ష్‌... కుర్‌ర్‌ర్‌...' బ్రాడ్‌బ్యాండ్‌ రాకముందు కంప్యూటర్‌ కొన్న ఇళ్లలో ఈ చప్పుడు తెలియనివారుండరు. ఫోను తీగ మీదుగా ఇంటర్నెట్‌ వచ్చేముందు మోడెమ్‌ చేసే సందడి అది. మనదేశంలో ఇంటర్నెట్‌ సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్‌ ద్వారా. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఇళ్లలో నెట్‌ అంటే 172తో మొదలయ్యే నంబరుకు డయల్‌ చేయడమే. నెట్‌ నడిచినంతసేపూ ఇంటి ఫోను ఎంగేజ్‌!

విండోస్‌ ఉన్నవాళ్లకు అది రెండు క్లిక్కుల పని. అదే కంప్యూటర్లో లినక్స్‌ వేసుకున్నవాళ్ల సంగతే వేరు. తెర మీద బొమ్మ వచ్చేది, పాటలు వినిపించేవి, ఉత్తరాలు టైపు చేసుకోవచ్చు. నెట్‌ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'మోడెమ్‌ కనబడటం లేదు' అనే సందేశం. విచిత్రమేమిటంటే, అదే మోడెమ్‌ విండోస్‌లోకి వెళితే భేషుగ్గా పనిచేసేది. అంటే మోడెమ్‌ చెడిపోలేదు. మరి తిరకాసు ఎక్కడ?

వంటమనిషి లేని వంటిల్లు

ఫోను తీగను వేసింది మాటల కోసం. కాబట్టి కంప్యూటర్‌ సమాచారాన్ని ధ్వనులుగా మార్చి పంపాలి. అవతలి నుంచి వచ్చిన ధ్వనుల్ని మళ్లీ సమాచారంగా విడదీయాలి. అదే మోడెమ్‌ పని. అసలు సిసలు మోడెమ్‌లో ఇందుకు సొంత చిప్‌లు ఉంటాయి. ధ్వనుల లెక్కలన్నీ ఒకటి చూసుకుంటే, 'డయల్‌ చెయ్‌', 'పెట్టెయ్‌' లాంటి ఆదేశాల్ని మరొకటి అందుకుంటుంది.

1990ల ద్వితీయార్ధంలో తయారీదార్లకు ఓ ఆలోచన వచ్చింది. కంప్యూటర్‌ ప్రాసెసర్‌ వేగం పెరిగింది కదా, ఆ లెక్కలేవో దానితోనే చేయిస్తే సరి! చిప్‌లు తగ్గాయి, ధర దిగింది. వంటమనిషిని మాన్పించి పొయ్యీ గిన్నెలూ మాత్రం ఇచ్చినట్టన్నమాట. వంట చేసే బాధ్యత సాఫ్ట్‌వేర్‌ మీద పడింది. ఆ సాఫ్ట్‌వేర్‌నేమో చాలా కంపెనీలు విండోస్‌ కోసమే రాశాయి. అందుకే వీటికి 'విన్‌మోడెమ్‌'లన్న పేరు స్థిరపడింది. నిజానికది యూఎస్‌ రోబోటిక్స్‌ కంపెనీ వాడిన వ్యాపారనామం.

కంప్యూటర్‌ లోపల బిగించి వచ్చే ఇంటర్నల్‌ మోడెమ్‌లలో ఎక్కువభాగం ఇవే. బయటపెట్టి సీరియల్‌ పోర్టుకు తగిలించే మోడెమ్‌లు లినక్స్‌తో ఏ పేచీ లేకుండా పనిచేసేవి. కానీ వాటి ధర ఎక్కువ. ఖర్చు కలిసొస్తుందని ఉచిత లినక్స్‌ను ఎంచుకున్నవాళ్లకు అదే పెద్ద దెబ్బ.

కంపెనీ పేరు కాదు, చిప్‌ పేరు!

దీనికి విరుగుడు లేకపోలేదు. ముందు లోపలున్న చిప్‌ ఎవరిదో కనుక్కోవాలి. అట్టపెట్టె మీది పేరుతో లాభం లేదు. ఒకే చిప్‌ పది పేర్లతో అమ్ముడయ్యేది. లినక్స్‌లో 'ఎల్‌ఎస్‌పీసీఐ' అన్న ఆదేశమిస్తే లోపలి కార్డుల జాబితా వస్తుంది. లూసెంట్‌, కోనెక్సెంట్‌, స్మార్ట్‌లింక్‌, పీసీటెల్‌... ఇలా ఏదో ఒకటి తేలాక దానికి సరిపడే డ్రైవర్‌ను వెతకాలి.

అసలు కష్టం ఇక్కడే. డ్రైవర్‌ ఉండేది నెట్‌లో. నెట్‌ రావాలంటే డ్రైవర్‌ కావాలి! పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టే. ఇంట్లో విండోస్‌ కూడా ఉంటే సరే. లేదంటే వీధి చివరి నెట్‌ సెంటర్‌కు వెళ్లి, 1.44 ఎంబీ ఫ్లాపీలో ఎక్కించుకుని రావాల్సిందే.

తెచ్చిన డ్రైవర్‌ లినక్స్‌ గుండెకాయలాంటి కెర్నెల్‌కు అచ్చంగా సరిపోవాలి. అందుకోసం చాలాసార్లు దాన్ని ఇంట్లోనే కంపైల్‌ చేసుకోవాల్సి వచ్చేది. కెర్నెల్‌ను మార్చిన ప్రతిసారీ మళ్లీ అదే తతంగం. అది పూర్తయ్యాక 'కేపీపీపీ', 'డబ్ల్యూవీడయల్‌' లాంటి ప్రోగ్రాముల్లో నంబరు, యూజర్‌నేమ్‌, పాస్‌వర్డ్‌ ఇస్తే డయల్‌ అయ్యేది. అప్పటికీ 'డయల్‌టోన్‌ లేదు' అంటూ మొరాయిస్తే మరో చిట్కా. డయల్‌టోన్‌ కోసం ఆగొద్దని చెప్పే 'ఏటీఎక్స్‌3' అన్న ఆదేశాన్ని ముందు చేర్చేవారు.

తెరవెనుక తపస్సు

ఈ డ్రైవర్లు ఊరికే రాలేదు. చిప్‌ లోగుట్టును కంపెనీలు బయటపెట్టకపోవడంతో ప్రపంచం నలుమూలలా ఔత్సాహికులు జీతంభత్యం లేకుండా కుస్తీపట్టారు. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్‌ బెలార్డ్‌ ఇలాంటి మోడెమ్‌ల కోసం 'లిన్‌మోడెమ్‌' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ రాశారు. వీడియోల ప్రపంచంలో పేరుమోసిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు శ్రీకారం చుట్టిందీ ఆయనే. లూసెంట్‌ చిప్‌ల డ్రైవర్‌లోనైతే కీలకభాగం మూసిన పెట్టెలాగే వచ్చింది. చుట్టూ ఉన్న భాగాన్ని మాత్రం ఔత్సాహికులు కొత్త కెర్నెల్‌లకు తగ్గట్టు సరిచేస్తూ వచ్చారు. కోనెక్సెంట్‌ చిప్‌లకు లినక్సాంట్‌ సంస్థ ఉచితంగా ఇచ్చిన డ్రైవర్‌ వేగం 14.4 కేబీపీఎస్‌ దగ్గరే ఆగేది. 56 కేబీపీఎస్‌ మోడెమ్‌ పూర్తివేగంతో నడవాలంటే లైసెన్సు కొనాల్సిందే!

అంటే ఏమిటి? డబ్బు పోసి కొన్నది మనమే అయినా, ఆ వస్తువు ఎవరి మాట వినాలో తయారీదారు ముందే నిర్ణయించాడన్నమాట. కొనేటప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చవగ్గా వచ్చిందని సంబరపడినవాళ్లు ఆ తేడాను తమ సమయంతో చెల్లించారు.

డయలప్‌ రోజులు చెల్లిపోయాయి. మన దగ్గర 2005లో బీఎస్‌ఎన్‌ఎల్‌ బ్రాడ్‌బ్యాండ్‌ వచ్చాక మోడెమ్‌ల సందడి క్రమంగా తగ్గింది. అమెరికాలో ఏవోఎల్‌ సైతం 2025 సెప్టెంబరు 30న డయలప్‌కు స్వస్తి పలికింది. అయితే చిక్కు మాత్రం పేరు మార్చుకుంటూ కొనసాగింది. మోడెమ్‌ల తర్వాత కొన్ని ప్రింటర్లు, వైఫై కార్డులూ లినక్స్‌వాళ్లను అలాగే తిప్పలు పెట్టాయి.

అందుకే కంప్యూటర్‌కు ఏది కొన్నా ధరతోపాటు మరో రెండు ప్రశ్నలు అడగాలి. ఇది వేరే సిస్టమ్‌తోనూ పనిచేస్తుందా? కంపెనీ పట్టించుకోవడం మానేసినా నడుస్తుందా? కొట్టువాడు నీళ్లు నమిలితే, పర్సు తీసేముందు ఇంకోసారి ఆలోచించడం మంచిది.