రోగం పేరు రోగికి చెప్పరాదా?



మన ఇండ్లలో ఎవరికైనా క్యాన్సరని తేలగానే అందరూ చేసే మొదటి పని, ఆ మాట రోగి చెవిని పడకుండా చూచుట. డాక్టరుగారి గదిలోనికి భర్త పోవును, కొడుకు పోవును. రోగి మాత్రం బయట బల్లమీద కూర్చుండవలెను. "ఏదో గడ్డ, కరెంటు పెడితే తగ్గిపోతుంది" అని ఆమెకు సర్ది చెప్పుదురు. ఇది ప్రేమతో చేసే పనియే. అయినను మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం.

క్రిందటి సంవత్సరం నా భార్యకు రొమ్మున గడ్డ కనిపించి, ముక్క తీసి పరీక్ష చేయగా క్యాన్సరని తేలినది. "అక్కకు చెప్పకు బావా, బెంగతోనే పోతుంది" అని మా బావమరిది నన్ను చాటుకు పిలిచి చెప్పినాడు. ఆమెతో 40 ఏండ్లు కాపురం చేసినాను. ఆమె శరీరానికి జరుగబోయే ఆపరేషనుకు అసలు సంగతి ఆమెకు చెప్పకుండా ఒప్పుకొనుటకు నేనెవరిని? ఆ రాత్రియే చెప్పినాను. చాలసేపు ఏడ్చినది. తరువాత కండ్లు తుడుచుకొని, "ఎన్నాళ్లు ఉండాలి? ఇంటి తాళం ఎవరికిద్దాం?" అని అడిగినది.

యానాం వారికి ఇందులో మరియొక చిక్కు గలదు. 1954లో ఫ్రెంచి పాలన ముగిసిన తరువాత కూడ మనం పుదుచ్చేరి క్రిందనే యున్నాము. దగ్గరి పట్టణమైన కాకినాడ పొరుగు రాష్ట్రం. జిప్మర్ వంటి పెద్ద ఆసుపత్రికి పోవలెనన్న సుమారు 800 కిలోమీటర్లు ప్రయాణించి పుదుచ్చేరి చేరవలెను. అక్కడ ఎక్కువగా వినవచ్చునది తమిళం, ఇంగ్లీషు. తెలుగు తప్ప మరొకటి రాని మన ఇల్లాండ్రకు భర్త తెలుగులో చెప్పినదే వైద్యుని మాట. భర్త సగం మింగివేసిన, ఆ సగం ఆమెకు ఎన్నటికిని తెలియదు.

దాచుటవలన ప్రాణాపాయం కూడ గలదు. క్యాన్సరు మందు ఎక్కించిన తరువాత రక్తంలో తెల్లకణాలు తగ్గిపోవును. ఆ రోజులలో జ్వరం వచ్చిన వెంటనే ఆసుపత్రికి పోవలెను. సంగతి తెలియని ఇల్లాలు మామూలు జ్వరమే యనుకొని, ఇంటివారికి శ్రమ ఎందుకని కషాయం త్రాగి పడుకొనును. నా భార్య ఒకనాటి అర్ధరాత్రి ఒళ్లు వెచ్చగా నున్నదని తానే నన్ను లేపినది. తెల్లవారకముందే ఆసుపత్రిలో చేర్చితిమి. జుట్టు రాలునప్పుడును అంతే. రెండు మూడు వారాలలో రాలునని ముందే తెలిసినది గనుక బాధపడినది గాని బెదరిపోలేదు.

పేరు చెప్పుటకు జంకు ఊరకే రాలేదు. మన పెద్దలు దీనిని రాచపుండు అనేవారు. ఆ మాట వినగానే ఆశ వదలుకొనేవారు. కాలం మారినది. సోదరిని ఈ రోగంతో పోగొట్టుకొన్న ముత్తులక్ష్మీరెడ్డిగారు మద్రాసు అడయారులో 1954లో క్యాన్సరు ఆసుపత్రి తెరిపించినారు. 1985లో ఇదే రోగంతో మరణించిన తమ సతీమణి పేర ఎన్.టి. రామారావుగారు తలపెట్టిన బసవతారకం ఆసుపత్రి హైదరాబాదులో 2000లో ప్రారంభమైనది. వీరు రోగం పేరు దాచలేదు; ఆసుపత్రి గోడమీదనే వ్రాయించినారు.

ఎన్నాళ్లు బ్రతుకుదురో లెక్కగట్టి చెప్పుమని నేననుట లేదు. రోగి ఎంత వినగోరునో అంతే చెప్పవలెను. అడిగినదానికి మాత్రం అబద్ధమాడరాదు. డాక్టర్లు కూడ రోగిని గదిలోనికి పిలిచి, ప్రక్కన భర్తనో భార్యనో కూర్చుండబెట్టి మాట్లాడిన బాగుండును. మన ప్రాంతం నుండి పోయేవారికి మందుల వివరం, ఎట్టి లక్షణాలు కనిపించిన పరుగెత్తి రావలెనో ఆ సంగతి, తెలుగులో అచ్చువేసి ఇచ్చిన ఎంతో మేలు.

మన ఆడవారికొక మనవి. రొమ్మున గడ్డ తగిలినప్పుడు నొప్పి లేదుగదా యని ఊరుకొనరాదు. ఈ రోగపు గడ్డ మొదట తరచుగా నొప్పి పుట్టించదు. సిగ్గుపడి దాచిన నెలలు తిరిగి రావు.

నా భార్యకు వైద్యం ఇంకను సాగుచున్నది. ఫలితం ఎట్లుండునో చెప్పలేము. డాక్టరుగారిని అడుగవలసిన ప్రశ్నలు మాత్రం ఇప్పుడు ఆమెయే కాగితంమీద వ్రాసుకొని వచ్చుచున్నది. ఇంగ్లీషులో అడుగుట నా వంతు.

ఇట్లు,
ఒక పింఛనుదారు,
యానాం.