రెండు వైద్యములు – ఒక్క రోగి

చీనా దేశపు పెద్ద వైద్యశాలలలో నేడొక దృశ్యము కానవచ్చును. ఒక ప్రక్క రక్తపరీక్షలును, శస్త్రచికిత్సయు జరుగుచుండగా, మఱియొక ప్రక్క మూలికలు తూచి కషాయములకు పొట్లములు కట్టుచుందురు. నాడి చూచు వైద్యుడును, ఎక్స్‌రే చూచు వైద్యుడును ఒకే రోగికి చికిత్స చేయుచుందురు. ఆధునిక వైద్యమును, సంప్రదాయ వైద్యమును రెంటిని అభివృద్ధి చేయుట ప్రభుత్వ ధర్మమని 1982 నాటి వారి రాజ్యాంగము శాసించినది. ఈ కలయికను కొనియాడువారును, పరిహసించువారును మనలో కలరు. ఇరుపక్షములవారును మఱచిన ప్రశ్న యొక్కటియే: దీనివలన రోగికి చేకూరిన మేలేమి?

ఈ సంధి సులభముగ కుదిరినది కాదు. 1929 ఫిబ్రవరిలో నాంకింగున జరిగిన ఆరోగ్యసభ ప్రాచీన వైద్యమును తొలగింపవలయునని తీర్మానించెను. ఆ సూచన చేసిన యు యున్‌షియు జపానులో పాశ్చాత్య వైద్యము నభ్యసించిన చీనీయుడే. మార్చి 17వ తేదీన వైద్యులు షాంఘైలో గుమిగూడి ప్రతిఘటించిరి; తీర్మానము అమలు జరుగలేదు. పరుల పెత్తనమునకు లోనైన జాతికి తన వైద్యము తన యాత్మగౌరవముగ తోచుట సహజము. ఆ యావేదన మనకు తెలియనిది కాదు. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. ఆత్మగౌరవము వైద్యమును కాపాడగలదేమో కాని, రోగిని కాపాడజాలదు.

రోగిని కాపాడునది పరీక్ష. వియత్నాము యుద్ధమున సైనికులు మలేరియాకు బలియగుచుండగా, 1967లో చీనా ప్రభుత్వము క్రొత్త మందునకై అన్వేషణ ప్రారంభించెను. ఆ పనిలో చేరిన తు యూయూ అను విదుషి ఆధునిక ఔషధశాస్త్రమును, స్వదేశ వైద్యమును రెంటిని చదివినది. నాలుగవ శతాబ్దిలో గె హోంగ్ రచించిన గ్రంథములో, మన మాచిపత్రికి దాయాదియగు చింగ్‌హావ్ అను మొక్కను నీట నానబెట్టి పిండి, ఆ రసము త్రావుమని యుండుట ఆమె గమనించెను. కాచుమని యందు లేదు! వేడివలన గుణము నశించుచున్నదేమో యని యూహించి, తక్కువ వేడిమిలో ఈథరుతో సారమును తీసెను. 1971లో ఆ సారము ఎలుకలయందు పూర్తిగ ఫలించెను. 1972లో రోగుల కిచ్చుటకు ముందు ఆమెయు, సహచరులును తామే సేవించి చూచిరి. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను. మన మన్యప్రాంతములలో ప్రాణాంతకమగు మలేరియాకు నేడిచ్చు మందు ఆ వంశములోనిదే. ప్రాచీన గ్రంథము దారి చూపెను. పరీక్ష గమ్యము చేర్చెను. అందులో నేది లేకున్నను ఆ మందు లేదు.

ఇక రెండవ వైపు చూతము. 1990 తరువాతి యేండ్లలో బెల్జియము నందొక చికిత్సాలయమున స్థూలకాయము తగ్గించుటకై పాశ్చాత్యపు మాత్రలను, చీనా మూలికలను కలిపి యిచ్చిరి. పేరు పోలికవలన ఒక మూలికకు బదులు మఱియొకటి అందు చేరెను. అనేకమంది స్త్రీల మూత్రపిండములు చెడిపోయెను. కొందఱికి క్యాన్సరు సంభవించెను. ఇదియు కలయికయే! రెండు సీసాలను ఒకే బల్లపై నుంచినంత మాత్రమున రెండు శాస్త్రములు కలిసినట్లు కాదు.

ప్రతిదినము జరుగు ప్రమాదము మఱియొకటి కలదు. హృద్రోగికి రక్తము గడ్డకట్టకుండ ఆధునిక వైద్యుడు వార్ఫరిన్ ఇచ్చును. ఆ రోగియే డాన్‌షెన్ అను వేరును కషాయముగ సేవించినచో, ఆ మందు బలము హెచ్చి రక్తస్రావము కలుగవచ్చును. డాక్టరు కోపించునని రోగి కషాయము మాట దాచును; డాక్టరు అడుగడు. ఒకరి యహంకారమునకు, మఱియొకరి భయమునకు నడుమ ప్రాణము పోవును. కషాయమును, మాత్రను వెంటవెంటనే పుచ్చుకొను మన గృహములకును ఈ హెచ్చరిక వర్తించును.

న్యాయస్థానమున సాక్షి వృద్ధుడైనంత మాత్రమున అతని మాట సత్యము కాదు. పరదేశి యైనంత మాత్రమున అసత్యమును కాదు. ఇరువురును ఒకే బోనెక్కి, ఒకే విధమైన అడ్డుప్రశ్నలకు సమాధానము చెప్పవలసినదే. వైద్యములకును న్యాయమిదియే. రోగి పుచ్చుకొను ప్రతి మందును ఒకే చీటీపై నుండవలెను. దానిని ఇరువురు వైద్యులును చదువవలెను. పరీక్షకు నిలిచినది ఎవరిదైనను గ్రహింపవలెను. నిలువనిది మనదైనను విడువవలెను. మూత్రపిండములను చెఱచునని తేలిన గ్వాన్ ముతోంగ్ అను మూలికను 2003లో చీనా ప్రభుత్వమే మందుల పట్టికనుండి తొలగించెను. దానివలన ఆ దేశపు గౌరవము తగ్గలేదు; పెరిగినదనియే మా యభిప్రాయము.

స్వదేశాభిమానమున్నవారు తమ మూలికను పరీక్షకు పంప వెనుదీయగూడదు. భయపడి దాచుకొనువాడే దానిని నమ్మనివాడు.