కూల్చే చేతులు సరే, కొలిచే చేతులేవి?

2024 ఆగస్టులో హైదరాబాద్ మదీనాగూడ ఈర్ల చెరువు బఫర్ జోన్‌లో లేచిన బహుళ అంతస్తుల భవనాలను ఆక్రమణల తొలగింపు సంస్థ హైడ్రా కూల్చింది. ఆ నెలలోనే మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్ హాలు నేలకూలడంతో కెమెరాలన్నీ అటు తిరిగాయి. సినిమా నటుడి హాలు ముందు ఊరూ పేరూ లేని అపార్ట్‌మెంట్లను ఎవరు పట్టించుకుంటారు? కానీ మన పాలనకు పట్టిన జబ్బేమిటో తెలియాలంటే చూడాల్సింది ఈర్ల చెరువునే. అన్ని అంతస్తులు రాత్రికి రాత్రి మొలవవు. పునాది తవ్వాలి, పిల్లర్లు లేవాలి, ఒక శ్లాబు ఆరాక మరో శ్లాబు పడాలి. ముంబై హైవేకు కూతవేటు దూరంలో ఇదంతా నెలల తరబడి పట్టపగలే సాగే పని. ఇక్కడ ఎవరి చేయి తడిసిందో, అసలు తడిసిందో లేదో తేల్చడం దర్యాప్తు సంస్థల వంతు. అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. ప్రభుత్వ యంత్రాంగానికి ఆ కట్టడం పునాది దశలో కాకుండా శ్లాబులన్నీ పడ్డాకే ఎందుకు కనిపించింది? అవినీతి వల్ల అని ఒక మాటలో తేల్చేయవచ్చు. నా వాదన దానికి కొంత తిరగేసినది: యంత్రాంగానికి కొలిచే, నిర్ణయించే సత్తా లేని చోటే ఈ రకం అవినీతి పుడుతుంది, అక్కడే దొరక్కుండా బతుకుతుంది.

లంచాలన్నీ ఒక జాతివి కావు. 2007లో వీరప్ప మొయిలీ అధ్యక్షతన రెండో పరిపాలనా సంస్కరణల సంఘం ఇచ్చిన నివేదిక ఈ తేడాను స్పష్టంగా చూపింది. హక్కుగా రావలసిన ధ్రువపత్రానికి డబ్బు గుంజేది ఒక రకం. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ కలిసి లాభపడి, నష్టాన్ని మూడో మనిషి నెత్తిన రుద్దేది రెండో రకం. మొదటి దానిలో బాధితుడు ఉంటాడు కాబట్టి 1064కు ఫోన్ చేస్తాడు, అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) రసాయనం పూసిన నోట్లతో వల పన్నుతుంది, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. రెండో దానిలో ఫోన్ చేసేవాడే ఉండడు. అనుమతి లేని అంతస్తు వేసుకున్న బిల్డరు ఫిర్యాదు చేయడు, చూసీ చూడనట్టు పోయిన ఉద్యోగీ చేయడు. నష్టపోయేది బ్యాంకు అప్పుతో ఆ ఫ్లాట్ కొన్నవాళ్లు, వానాకాలంలో నాలా పొంగి నీళ్లు ఇంట్లోకి వచ్చే పక్క వీధివాళ్లు. లంచం చేతులు మారిన రోజున వాళ్లకు ఆ సంగతే తెలియదు. 2024 జనవరిలో, గతంలో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) ప్లానింగ్ విభాగంలో డైరెక్టర్‌గా పనిచేసి, అప్పటికి స్థిరాస్తి నియంత్రణ సంస్థ (రెరా) కార్యదర్శిగా ఉన్న అధికారిని ఏసీబీ అరెస్టు చేసింది. పెట్టిన కేసు ఆదాయానికి మించిన ఆస్తులది. అది రుజువవుతుందో లేదో కోర్టు చెబుతుంది. అయితే ఆ దారి ఆస్తులు పోగుపడ్డాక తప్ప తెరుచుకోదు. ఐటీ కారిడార్‌లో గజం ధర చూస్తే అప్పటికే జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

మరి ఈ రెండో రకాన్ని పట్టేదేమిటి? టేపు, సర్వే రాయి, పటం, వాటిని చదవగల మనిషి. చెరువుల సంగతే తీసుకోండి. భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. నిబంధనలో వంక లేదు. కానీ 30 మీటర్లు ఎక్కడి నుంచి? హెచ్ఎండీఏ పరిధిలో ఉన్న చెరువులు వేలల్లో. వాటి రక్షణకంటూ 2010లో కమిటీ వేశారు. పద్నాలుగేళ్లు గడిచాక కూడా తుది నోటిఫికేషన్ వచ్చిన చెరువులు వందల్లోనే ఉండటంతో 2024 జులైలో హైకోర్టు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. గీత గీయని చోట ప్రతి ఫైలూ ఒక బేరం. ఈ అధికారి లోపలుందంటే లోపల, ఆ అధికారి బయటుందంటే బయట. రోడ్ల సంగతీ అంతే. 2006లో ఫ్లోర్ స్పేస్ పరిమితిని ఎత్తేసి, భవనం ఎంత ఎత్తు లేవవచ్చన్నది ముందున్న రోడ్డు వెడల్పుకు, చుట్టూ వదిలే జాగాకు ముడిపెట్టారు. అంటే రోడ్డు కొలతలో కొద్ది తేడా కోట్ల రూపాయల తేడా. ఆ కొలత చేతిలో ఉన్న చైన్‌మన్ జీతమెంతో, అతని పైన ఒక్కో టౌన్ ప్లానింగ్ అధికారి చూడాల్సిన ఇళ్లెన్నో కాస్త ఊహించుకోండి.

విచిత్రమేమిటంటే, అవినీతి బయటపడిన ప్రతిసారీ మన ప్రభుత్వాలు ఈ కొలిచే సత్తాను పెంచలేదు, తెగ్గోశాయి. 1998లో ఉమ్మడి రాష్ట్రం రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో కార్డ్ పేరుతో కంప్యూటర్లు పెట్టి, దళారుల కాలం చెల్లిందని ప్రపంచమంతా చాటింది. 2004లో జొనాథన్ కేస్లీ ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం ఆ ముసుగు తీసింది: దస్తావేజులు రాసేవాళ్ల పెత్తనమూ ముడుపులూ యథాతథంగా ఉన్నాయి, మారింది ముఖద్వారమే. 2017లో మదీనాగూడ పక్కనే మియాపూర్‌లో 690 ఎకరాలకు పైగా సర్కారీ భూమి ప్రైవేటు పేర్ల మీద రిజిస్టరైందని బయటపడింది. కంప్యూటర్ ఉండగానే, వేలిముద్రలు పడుతుండగానే జరిగిందది. ప్రభుత్వం సబ్ రిజిస్ట్రార్లను మూకుమ్మడిగా బదిలీ చేసింది, ఎక్కడి ఆస్తినైనా ఎక్కడైనా రిజిస్టరు చేసుకునే వెసులుబాటును ఎత్తేసింది. 2020లో అవినీతిపరులన్న ముద్ర వేసి గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థనే రద్దు చేసి, భూ రికార్డులకు ధరణి పోర్టల్ తెచ్చారు. పోర్టల్‌లో పేరు తప్పుపడితే క్షేత్రానికి వెళ్లి చూసే మనిషి లేడు, కింది స్థాయిలో అప్పీలు లేదు, అన్నీ కలెక్టర్ల బల్లల మీద పేరుకున్నాయి. చివరికి 2025లో భూభారతి చట్టం అప్పీళ్లను తిరిగి తెచ్చింది. పాత వీఆర్వోలకు, గ్రామ రెవెన్యూ సహాయకులకే (వీఆర్ఏ) పరీక్ష పెట్టి గ్రామ పాలనాధికారులన్న కొత్త పేరుతో సెప్టెంబరులో మళ్లీ ఊళ్లకు పంపారు. చాలా మేరకు తీసేసినవాళ్లనే తిరిగి తెచ్చుకున్నారు. ఐదేళ్ల రైతుల తిప్పలు దానికి వడ్డీ.

పట్టణాల్లో ఇదే ధోరణి భవన అనుమతులకు తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టం రూపంలో వచ్చింది. 2020 నవంబరు నుంచి 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి. ఇది మంచి సంస్కరణే. చిన్న ఇంటివాడిని ఆఫీసుల చుట్టూ తిరగకుండా కాపాడింది, మొదటి రకం లంచానికి నిజంగానే గండి కొట్టింది. అయితే అనుమతి ఇచ్చాక తనిఖీ చేయాలని ఆ చట్టమే చెప్పింది. నిబంధన మీరితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఇచ్చింది. అంటే 2024లో హైడ్రా పుట్టక ముందే కూల్చే అధికారం ఉంది. లేనిది తిరిగి చూసే మనుషులు. పది మీటర్ల అనుమతి చేతపట్టుకుని ఐదంతస్తులు వేసేవాడిని ఏ పోర్టలూ వీధిలోకి వచ్చి చూడదు.

సిబ్బందిని పెంచితే లంచం పట్టే చేతులు పెరగడమే కదా అని అడిగేవాళ్లున్నారు. అనుభవం పుట్టించిన అనుమానమది, కొట్టిపారేయలేం. కానీ కొరతే లంచానికి ధర కడుతుంది. ఒకే మనిషి కొలిచి, ఆ కొలతను మరొకరు ఎన్నడూ సరిచూడని చోట ఆ మనిషి సంతకం బంగారం. ఒకరు కొలిచి, వేరొకరు యాదృచ్ఛికంగా తిరిగి కొలిచి, రెండు కొలతలూ ఫొటోలతో సహా జనానికి కనిపిస్తే ఆ సంతకానికి అంత గిరాకీ ఉండదు. హాంకాంగ్‌లో 1974లో పెట్టిన అవినీతి నిరోధక కమిషన్‌కు దర్యాప్తు విభాగంతో పాటు, ప్రభుత్వ శాఖల పనితీరులో లంచానికి సందు ఎక్కడుందో వెతికి మూయించే నివారణ విభాగం మొదటి నుంచీ ఉంది. మన ఏసీబీ ఎక్కువగా వల పన్నే సంస్థగానే మిగిలిపోయింది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటి: లోపం సత్తాది కాదు, రాజకీయానిదని. ఇందులో చాలా నిజముంది. 2007 చివర భవనాల క్రమబద్ధీకరణ, 2015లో మళ్లీ అదే, 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 25 లక్షలకు పైగా దరఖాస్తులు. నాలుగు రోజులు ఓపిక పడితే రుసుము కట్టి సక్రమం చేసుకోవచ్చని ప్రభుత్వమే నేర్పింది. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో 2014లో కూల్చారు, కోర్టు వివాదాల మధ్య మళ్లీ కట్టారు, 2025 జనవరిలో మళ్లీ కూల్చారు. నాయకుడు ఫోన్ చేస్తే ఏ కొలత నిలుస్తుంది? నిజమే. అయినా పునాది దశలోనే తేదీతో, ఫొటోతో నమోదై బహిరంగంగా ఉన్న తనిఖీ నివేదికను ఫోన్ చేసి మాయం చేయడం కష్టం. నివేదికే లేకపోతే ఫోన్ కూడా అక్కర్లేదు.

హైడ్రా చాలదా అంటే, దాని మేలును కాదనను. అంబర్‌పేట బతుకమ్మకుంట తిరిగి నీళ్లు చూసింది దాని వల్లే. చెరువు పక్క ప్లాటు కొనేవాళ్లు ఇప్పుడు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) అనే మాట అడుగుతున్నారు. కానీ అమీన్‌పూర్‌లో సెలవు రోజున కూల్చినందుకు 2024 సెప్టెంబరులో హైకోర్టు నిలదీసినప్పుడు తేలిందేమిటంటే, నోటీసు, వాదన, కారణాలు రాసిన ఉత్తర్వు అనే ఓపిక పని సవ్యంగా జరగలేదని. ఆ పని ముందే చేసి ఉంటే బుల్డోజరు అవసరమే తక్కువ. పైగా బుల్డోజరు వచ్చే రోజుకు అమ్మినవాడు డబ్బుతో వెళ్లిపోయి ఉంటాడు, దొరికేది కొన్నవాడే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేదాకా కట్టిన దానిలో పది శాతం కార్పొరేషన్‌కు తనఖా పెట్టాలన్న నియమం ఇప్పటికే ఉంది. బిల్డరును కట్టిపడేసే తాడు అదే, దాన్ని బిగించాలన్నా తనిఖీ చేసే మనిషే కావాలి.

చేయవలసింది కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ నడిపి, 2009లో దానికి ప్రత్యేక సంస్థనే పెట్టింది. మస్టర్లు ఊరి మధ్య చదివించింది, కాలువ ఎంత తవ్వారో కూలీల ముందే కొలిపించింది. తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది తక్కువే, అది దాని లోపం. కానీ కొలతను జనం ముందు పెట్టడం సాధ్యమేనని చదువురాని ఊళ్లలో రుజువైంది. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కిక్కిరిసిన మదీనాగూడలో అది సాధ్యం కాదంటే నమ్మడం కష్టం. 2007లో శేరిలింగంపల్లితో సహా 12 పురపాలికలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేసినప్పుడు పరిధి సుమారు 650 చదరపు కిలోమీటర్లు. 2025 డిసెంబరులో మరో 27 పట్టణ సంస్థలను కలిపాక అది రెండు వేలు దాటి, 300 వార్డులైంది. అంత నేల మీద ఎన్ని చెరువులకు హద్దురాళ్లు పాతారో, ఒక్కో వార్డుకు ఎందరు సర్వేయర్లు, ఎందరు టౌన్ ప్లానింగ్ ఉద్యోగులు ఉన్నారో, నెలలో ఎన్ని తనిఖీలు రాశారో వార్డుల వారీగా ప్రకటించాలి. ఆ పట్టిక ప్రతి నెలా వార్డు ఆఫీసు గోడ మీద కనిపించాలని అడిగే కార్పొరేటరు ఎవరో రాబోయే ఎన్నికల్లో ఓటర్లు వెతుక్కోవచ్చు.