పరదేశ విద్యాలయమునందు పాఠ్యాంశముల యెంపిక

పాలకుర్తి సమీపమందలి యొక పల్లెనుండి హైదరాబాదునకు పోయి యింజనీరింగు చదువుచున్న యువకుడొకడు గతమాసమున తన మేనమామను వెంటబెట్టుకొని మాయొద్దకు వచ్చెను. అతని కళాశాలకును జర్మనీ దేశమందలి యొక విశ్వవిద్యాలయమునకును విద్యార్థుల వినిమయమును గూర్చిన ఒడంబడిక కలదు. ఒక సెమిస్టరు కాలము అచ్చట చదివి తిరిగి రావలెను. యువకుని ఎంపిక జరిగినది, వీసా కాగితములు సిద్ధమగుచున్నవి. మిగిలినది యొక్కటే. అచ్చట నేమి చదువదలచినాడో పాఠ్యాంశముల పట్టికలో గుర్తులు పెట్టి పంపవలెను. ఆ పట్టిక నలువది పుటలకు మించియున్నది.

“వకీలు సాబూ, అల్కగుండేటియి చూసి పెట్టుమని చెప్తున్న. అక్కడ మార్కులు పోతె మల్ల జవాబెవరు చెప్పాలె?” అని మేనమామ తొందరపెట్టెను. “ముందు పోయిన సీనియర్లంత కంప్యూటరు సబ్జెక్టులే తీసుకున్నరు సార్” అని యువకుడు పలికెను. ఇరువురి మాటలును అబద్ధములు కావు. అయినను మేమా పట్టికపై గుర్తు పెట్టనీయలేదు.

ఇందు న్యాయవాదికేమి పనియని పాఠకులు తలంపవచ్చును. పని కలదు. రెండేండ్ల క్రిందట వేరొక విద్యార్థి మాయొద్దకు వచ్చియుండెను. ఆతని పేరును, ఆతని విద్యాలయము పేరును ఇచ్చట ననవసరము. పరదేశమున ఐదు పాఠ్యాంశములు చదివి, ఐదింటను కృతార్థుడై వచ్చినవాడు. ఇచ్చటి పరీక్షాశాఖవారు మూడింటిని అంగీకరించి, తక్కిన రెండును తమ పాఠ్యక్రమములో లేవని త్రోసివేసిరి. బయలుదేరుటకు ముందు ఆచార్యులొకరు “పోయి రమ్ము, చూచుకొందము” అనియుండిరట. ఆ నోటిమాట తప్ప ఆతనిచేత నొక చీటియైనను లేదు. మేము విజ్ఞాపనములు వ్రాసితిమి, కార్యాలయముల మెట్లెక్కితిమి. ఫలము కలుగలేదు. ఆ రెండు విషయములను తన తరువాతి తరగతివారితో కూర్చుండి మరల చదివి ఆ బాలుడు పట్టము పొందెను. ఈలోపల చేతికి వచ్చిన యుద్యోగము చేజారెను. తండ్రి చేసిన అప్పునకు మాత్రము వడ్డీ ఆగలేదు.

కావున మా మొదటిమాట న్యాయవాది మాటయే. విమానమెక్కుటకు ముందు, ఏ పరదేశ పాఠ్యాంశమునకు బదులుగా ఇచ్చటి ఏ పాఠ్యాంశమును లెక్కింతురో, ఎన్ని క్రెడిట్లిత్తురో, మార్కులనెట్లు మార్తురో, వ్రాతమూలకముగ పొందవలెను. ఐరోపావారు 1987లో ఎరాస్మస్ అను వినిమయ పథకమును ప్రారంభించిరి. ఆ పథకమునందు విద్యార్థియు, పంపు విద్యాలయమును, చేర్చుకొను విద్యాలయమును మువ్వురును సంతకములు చేయు ‘లెర్నింగ్ అగ్రిమెంటు’ అను ఒడంబడిక వాడుకలో నున్నది. అచ్చటికి పోయిన పిమ్మట పాఠ్యాంశము మార్చుకొనవలసివచ్చినచో మరల మువ్వురి సమ్మతియు కావలెను. మన కళాశాలలలో పెక్కింటి కింకను ఇట్టి యలవాటు కుదురలేదు. అడుగని విద్యార్థికి ఎవరును ఇయ్యరు. అడుగుట అవిధేయత కాదు.

క్రెడిట్టు అనునది చదువునకు వారు పెట్టిన తూకపురాయి. చిక్కేమన, రాళ్లు దేశమునకొక తీరున నున్నవి. ఐరోపాలో సంవత్సరమునకు 60 క్రెడిట్లు, ఒక్కొక్కటి విద్యార్థి శ్రమలో 25 మొదలు 30 గంటలు. మన దేశమున 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ చట్రము ననుసరించి సంవత్సరమునకు 40 క్రెడిట్లు, 1200 గంటలు, అనగా ఒక్కొక్కటి 30 గంటలు. ఇపుడు జర్మనీలో 6 క్రెడిట్ల పాఠ్యాంశమొకటి చదివినవాడు ఇచ్చటికి వచ్చి ఎన్ని యడుగవలెను? గంటల లెక్కను తక్కువలో తక్కువ 150 గంటలు, కావున మన 5 క్రెడిట్లు. సంవత్సరములో పాలు చూచినచో పదియవ వంతు, కావున మన 4 మాత్రమే. రెండు లెక్కలును సరియైనవే! ఏ లెక్కను పాటింతురో ముందుగ తేల్చుకొననివానికి పిదప తక్కువ లెక్కయే చూపబడునని మా యనుభవము. బ్రిటనులో సంవత్సరమునకు 120, కావున వారి రెండు ఐరోపావారి యొకటితో సమానము. అమెరికాలో వీసా నిలుచుటకే పట్టమునకు ముందరి తరగతుల విద్యార్థి సాధారణముగ సెమిస్టరునకు 12 క్రెడిట్లకు తగ్గకుండ చదువవలెను. కష్టముగ నున్నదని నడుమ నొక పాఠ్యాంశము వదలుకొన్నవాడు మార్కులనే కాదు, ఆ దేశమున నిలుచు హక్కునే పోగొట్టుకొనవచ్చును.

మరియొక సంగతి. పట్టికలో నున్నదెల్ల దొరకునని నమ్మరాదు. కొన్ని పాఠ్యాంశములకు ముందుగ చదివియుండవలసినవి కలవు. కొన్నిట స్థలములు నిండిపోవును. కొన్ని ఆ సెమిస్టరున నడువనే నడువవు. జర్మనీ మొదలగు దేశములలో ఆంగ్లమున బోధించునవి కొన్నియే. ఐదు కావలసినవాడు ఎనిమిదింటికి సమ్మతి తీసికొని పోవుట మేలు.

ఇంతవరకు కాగితముల మాట. ఇక చదువు మాట.

కాశికి పోయి మన యూరిగంగాళములోని నీరే త్రాగివచ్చినట్లు, హైదరాబాదులో అదే పుస్తకమునుండి అదే రీతిని బోధింపబడు విషయమును లక్షలు ఖర్చుచేసి మరల వినివచ్చుటకు దేశాంతరమేల? సీనియర్లు తీసికొనిరని తీసికొనుటకంటె, ఇచ్చట దొరకనిది ఏది యని మొదట నడుగవలెను. ఇచ్చట లేని ప్రయోగశాల యొకటి యుండవచ్చును. ఇచ్చట బోధించువారు లేని శాఖ యుండవచ్చును. ఆ దేశపు భాషయైనను కావచ్చును.

గాంధీమహాత్ముడు 1888లో న్యాయశాస్త్రమునకై లండనుకు పోయినపుడు, రోమను న్యాయశాస్త్రమును సంక్షేప పుస్తకములతో కొలది వారములలో ముగించి పరీక్ష గట్టెక్కువారే పెక్కుమంది. ఆయన మాత్రము లాటిను భాష నేర్చి మూలగ్రంథమునే చదివెను. పరీక్షకు అక్కరలేని శ్రమ యది. తరువాత దక్షిణాఫ్రికాలో, రోమను-డచ్చి న్యాయము నడుచు దేశములో, ఆ చదువే తనకు తోడ్పడెనని ఆయన తన యాత్మకథలో చెప్పుకొనెను. వకీళ్లమైన మాకు ఈ కథ యెప్పుడును తియ్యగనే యుండును.

డాక్టరు అంబేద్కరుగారి సంగతి యింకను చెప్పదగినది. 1913లో బరోడా మహారాజావారి విద్యార్థివేతనముతో కొలంబియా విశ్వవిద్యాలయమున చేరి మూడేండ్లలో ఆయన తీసికొనిన పాఠ్యాంశముల లెక్క చూడుడు. ఆర్థికశాస్త్రమున 29, చరిత్రలో 11, సమాజశాస్త్రమున 6, తత్త్వశాస్త్రమున 5, మానవశాస్త్రమున 4, రాజనీతిలో 3, ఫ్రెంచి జర్మను భాషలందు ఒక్కొక్కటి. పట్టమునకు ఇన్ని యెందులకు? గడువుగల సొమ్ముతో పోయినవాడు, ఇంటికి వచ్చిన తరువాత ఆ తలుపులు తెరువబడవని యెఱిగినవాడు ఇట్లు చేసెను. అల్కగుండేటివి ఆయన వెదకలేదు. మేనమామకు మేమీ లెక్క చదివి వినిపింపగా కొంతసేపు మాటాడక, “ఆయనతోని మనకు సాపత్యమా, వకీలు సాబూ?” అనెను. సాపత్యము కాదు. ఒక్క సెమిస్టరులో ఒక్క పాఠ్యాంశమైనను అట్టి యెంపిక చేయుమని మాత్రమే మేమడిగితిమి.

చదువును వదలి కాగితమునే యెంచుకొన్నచో నేమగునో మన తెలుగువారికి తెలియనిది కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మూతపడినపుడు అందలి విద్యార్థులలో మనవారే యధికము. కొందఱి కాళ్లకు నిఘాపట్టీలు వేసిరి. 2019లో మిషిగనులోని ఫార్మింగ్టను విశ్వవిద్యాలయము ప్రభుత్వపు గూఢచారులే పన్నిన వల యని తేలెను. అందు పాఠములు లేవు, ఉపాధ్యాయులును లేరు. మొదటి దఫా పట్టువడిన 130 మందిలో ఒక్కడు తప్ప అందఱును భారతీయులే, వారిలో తెలుగువారే మిక్కుటము. వల పన్నినవారి న్యాయమును మేము మెచ్చజాలము. తెలిసి చేరినవారును, మోసపోయినవారును అందు కలసియుండిరి. ఇవి వినిమయ పథకములు కావు, నిజమే. కాని ఏజెంటు చూపినచోట సంతకము పెట్టి, ఏమి బోధింతురని యడుగక బయలుదేరు అలవాటు రెండింటను ఒక్కటే.

ఇచ్చట మా మనసును కలచు విషయమొకటి కలదు. పాల్కురికి సోమనాథుడు మన యూరివాడు. కన్నడదేశపు బసవేశ్వరుని చరిత్రను తెచ్చి, తెలుగువారి నోటికి పట్టు ద్విపదలో పెట్టి బసవపురాణము రచించెను. పొరుగుదేశపు సరకును మన తూనికతో తూచి యింటికి తెచ్చినవాడు. ఆ బసవపురాణమును వెల్చేరు నారాయణరావుగారును, అమెరికా దేశస్థుడైన జీన్ రోఘేరుగారును కలసి ఆంగ్లమున అనువదింపగా 1990లో ప్రిన్స్టను విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. నారాయణరావుగారు విస్కాన్సిను విశ్వవిద్యాలయమున దీర్ఘకాలము తెలుగు బోధించిరి. రోఘేరుగారు అంతకుముందే తెలుగు నేర్చి పల్నాటి వీరకథపై గ్రంథము వెలువరించిరి. అనగా, అమెరికాలో పుట్టిన విద్యార్థి తన దేశమున దొరకనిది ఏది యని వెదకి, మన భాషను పాఠ్యాంశముగ నెంచుకొనెను. హైదరాబాదు విశ్వవిద్యాలయమువారు విదేశీయులకై ‘స్టడీ ఇన్ ఇండియా’ పథకమును పెట్టినపుడు దానివెంట వచ్చినవారిలోను తెలుగు నేర్చినవారు కలరు. మన పిల్లలు మాత్రము పరదేశమునకు పోయియు ఇంటిలోని పాఠమునే వెదకుచున్నారు.

ఇట్లనుటలో యువకులను నిందించుట మా యుద్దేశము కాదు. అప్పుచేసి పంపిన తండ్రికి ఉద్యోగమిప్పించు పాఠ్యాంశమే కనబడును. వినిమయమందు సాధారణముగ బోధనరుసుము ఇచ్చటి విద్యాలయమునకే చెల్లింపబడును గాని, విమానపు ఖర్చు, ఆరోగ్యపు బీమా, అచ్చటి యింటి యద్దె, భోజనము విద్యార్థివే. అంబేద్కరుగారి పేరను తెలంగాణ ప్రభుత్వము నడుపు విదేశీ విద్యానిధి పథకము 20 లక్షల రూపాయలవరకు సహాయము చేయునది, పరదేశమున పై పట్టమునకు పోవు దళిత గిరిజన విద్యార్థుల కొరకు ఏర్పడినది. ఒక్క సెమిస్టరునకు పోవు పేద విద్యార్థికి అట్టి యాసరా యొకటి యుండవలెను. లేనియెడల వినిమయము సంపన్నుల విహారయాత్రగ మిగులును. కళాశాలలును, తాము అంగీకరించు పరదేశ పాఠ్యాంశముల జాబితాను సంవత్సరారంభముననే ప్రకటింపవలెను. దానికి ఖర్చులేదు, ఇష్టము మాత్రమే కావలెను.

మాయొద్దకు వచ్చిన యువకుడు నలువది పుటల పట్టికను మరల చదివెను. మూడు తన శాఖకు సరిపోవునవి, ఒకటి జర్మను భాష, ఒకటి భూగర్భజలముల కొలతను గూర్చినది. ఆ చివరిది ఇచ్చట ఎవరును బోధించుట లేదట. వాళ్ల యూరి బోర్లు రెండు వేసవులుగ ఎండుచున్నవని మేనమామయే దానిపై వ్రేలుపెట్టి చూపెను. ఐదింటికి సమ్మతి కోరుచు పరీక్షాశాఖకు దరఖాస్తు మేమే వ్రాసియిచ్చితిమి. జవాబింకను రాలేదు. వచ్చువరకు టిక్కెట్టు కొనవద్దని చెప్పియున్నాము.