గాలిని వదిలేయగలమా?

ఫిజిక్స్ లెక్కల్లో ‘గాలి నిరోధాన్ని వదిలేయండి’ అని ఉంటుంది. మనమూ హాయిగా వదిలేస్తాం. రామగుండం, సింహాద్రి వంటి థర్మల్ కేంద్రాల్లో ఇంజనీర్లకు ఆ వీలు లేదు. అక్కడ జనరేటర్ రోటరు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. వేగం రెట్టింపైతే గాలి రాపిడికి పోయే శక్తి దాదాపు 8 రెట్లవుతుంది. అదంతా వేడిగా మారుతుంది. అందుకే పెద్ద జనరేటర్లలో గాలికి బదులు హైడ్రోజన్ నింపుతారు. దాని సాంద్రత గాలిలో సుమారు 14వ వంతే. వేడిని మాత్రం దాదాపు 7 రెట్లు బాగా మోస్తుంది. కానీ గాలితో కలిస్తే పేలవచ్చు. అందుకే రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండాలి. ఆ షిఫ్టుల్లో మనలో కొందరి అమ్మానాన్నలూ ఉంటారు. లెక్క సులువు కావడానికి గాలిని వదిలేయడం సరే. ఎక్కడ వదలకూడదో కూడా పాఠంలోనే చెప్పాలని నా అభిప్రాయం.