జిల్లాలు పంచారు, అధికారం పంచలేదు

ప్రాంతీయ మండలితో సరిపెట్టుకోకుండా రాష్ట్రమే కావాలని ఎందుకు కొట్లాడామో ఈ తరం విద్యార్థులకు మరోసారి చెప్పాల్సిన అవసరం వచ్చింది. ఆనాడు తెలంగాణకు జరిగిన మోసమే ఈనాడు తెలంగాణ పల్లెలకు జరుగుతున్నది.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. తెలంగాణ వ్యవహారాలు చూసుకోవడానికి ప్రాంతీయ మండలి ఉంటుందన్నారు. 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చేసరికి అది ప్రాంతీయ సంఘమైంది. తెలంగాణ శాసనసభ్యులే అందులో సభ్యులు. స్థానిక పాలన, ప్రజారోగ్యం, ప్రాథమిక, మాధ్యమిక విద్య వంటివి దాని పరిధిలో పెట్టారు. అయితే సంఘం సలహా మాత్రమే ఇవ్వాలి. ప్రభుత్వంతో పేచీ వస్తే గవర్నర్ మాటే చివరిది. ఖజానా తాళం సెక్రటేరియట్‌లోనే ఉండిపోయింది. మన మిగులు నిధులు ఎటు పోయాయో లెక్క తీయడానికి 1969లో కుమార్ లలిత్‌ను నియమించాల్సి వచ్చింది. అదే ఏడాది రోడ్డెక్కిన విద్యార్థులు తూటాలకు బలయ్యారు. 1973లో ఆరు సూత్రాల పథకం ఆ సంఘాన్ని కూడా ఎత్తేసింది.

నిధులు, సిబ్బంది, నిర్ణయం చేతిలో లేని సభ ఎంత గొప్ప పేరు పెట్టుకున్నా ఉత్త సభే. ఈ పాఠం నేర్చుకునే 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నాం.

ఆ తర్వాత ఏం జరిగింది? 10 జిల్లాలు 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. 'మా తండాలో మా రాజ్యం' అన్న లంబాడీల చిరకాల నినాదానికి విలువ దక్కింది. ఆసిఫాబాద్ మనిషి కలెక్టర్‌ను కలవడానికి ఆదిలాబాద్ దాకా పోయే బాధ తప్పింది. ఇదంతా మంచిదే, కాదనేవాళ్లెవరూ లేరు.

కానీ దగ్గరికి వచ్చింది కలెక్టర్. ప్రజలు ఎన్నుకున్న జిల్లా పరిషత్‌కు ఏమొచ్చింది? 9 జెడ్పీలను 32 చేశారు, ఒక్కో జెడ్పీ చేతిలో ఉన్నది మాత్రం పెరగలేదు. 73వ సవరణ రాజ్యాంగంలో చేర్చిన 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. బడి, దవాఖాన, చిన్న నీటి వనరులు, రోడ్లు అన్నీ వాటిలో ఉన్నాయి. ఆ శాఖల పెత్తనం మాత్రం హైదరాబాదు దాటలేదు. పైగా సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారాన్ని 2018 చట్టం కలెక్టర్‌కు ఇచ్చింది. ఊరు గెలిపించిన మనిషిని అధికారి పక్కన పెట్టవచ్చన్నమాట.

గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగం చెబుతుంది. 2018 ఆగస్టులో గడువు తీరితే 2019 జనవరి దాకా ప్రత్యేకాధికారులే ఏలారు. 2024 ఫిబ్రవరిలో గడువు తీరితే పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబర్‌లో గానీ జరగలేదు. ఆ మధ్యకాలంలో పాలకవర్గాలు లేక ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోయాయి. చేసిన పనులకు బిల్లులు రాక మాజీ సర్పంచ్‌లు ధర్నాలకు దిగారు. పాలించే పార్టీ మారింది, పద్ధతి మారలేదు.

జిల్లాల విభజన ఎలా జరిగిందో ఉద్యోగులకు వేరే చెప్పాల్సిన పనిలేదు. 2021 డిసెంబర్‌లో జీవో 317తో సీనియారిటీ ప్రకారం పంపకం చేస్తే స్థానికత పక్కకు పోయింది. పుట్టిన జిల్లా ఒకటి, కొలువు మరొక జిల్లా. స్థానికత కోసమే పుట్టిన ఉద్యమానికి ఇది తగిలిన దెబ్బ.

ఇక మన డిమాండ్లు సూటిగా ఉండాలి. 29 అంశాలను నిధులు, సిబ్బందితో సహా స్థానిక సంస్థలకు బదిలీ చేయాలి. సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్ చేతి నుంచి తప్పించాలి. రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫారసు చేసిన వాటా పల్లెకు నేరుగా చేరాలి. ఎన్నికలు గడువులోపే జరగాలి. విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు వీటిని తమ ఎజెండాలో మొదటి వరుసలో పెట్టాలి. నీళ్లు, నిధులు, నియామకాల మీద ఢిల్లీని, హైదరాబాదును నిలదీసిన మనకు, ఊరి తరఫున మన సర్కారునే నిలదీసే హక్కుంది.

జై తెలంగాణ!